తాళ్ళమెట్ట కాలువలో చక్కెర

డాక్టర్ మెహరున్నీసా రాసిన ఉత్తరం సోమవారం ఉదయం పర్యావరణ పరిశుద్ధి మండలి ఛైర్మన్ విశ్వేశ్వరం బల్ల మీదికి చేరింది. ఆయన మధ్యాహ్నం భోజనానికి లేచేలోగా నేరస్థుడెవరో తేలిపోయింది. మండలి పుట్టిన దగ్గర్నుంచి ఏ ఫైలూ అంత వేగంగా కదలలేదు.

ఉత్తరంలో ఉన్నది చిన్న విషయమే. మెహరున్నీసా తాళ్ళమెట్ట ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తోంది. శుభగంధ కెమికల్స్ ఫ్యాక్టరీ గోడని ఆనుకుని ఉన్న గొట్టంపేట నుంచి ఆమె దగ్గరికి మధుమేహ రోగులు మరీ ఎక్కువగా వస్తున్నారు. వాళ్ళు బస్తాలు మోసేవాళ్ళు, వలలు లాగేవాళ్ళు. పొట్ట పెంచుకోవడానికి కావలసిన తీరిక వాళ్ళ వంశంలోనే ఎవరికీ దొరకలేదు. గాలిలోనూ నీళ్ళలోనూ కలిసే కొన్ని రసాయనాలకీ ఈ జబ్బుకీ సంబంధం ఉండొచ్చని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి, విషయం ఇంకా పూర్తిగా తేలలేదు, కాబట్టి ఫ్యాక్టరీ చుట్టుపక్కల గాలినీ నీళ్ళనీ ఒకసారి పరీక్ష చేయించండి అని ఆమె రాసింది.

విశ్వేశ్వరం వెంటనే అత్యవసర సమావేశం పిలిచాడు. డాక్టరూ వచ్చింది. పరిశ్రమల ప్రతినిధిగా మండలిలో సభ్యుడైన శుభగంధ మేనేజర్ శేషగిరి కూడా వచ్చాడు. గోడ పక్క కుర్చీలో ఫీల్డు ఇంజనీరు ప్రసూన కూర్చుంది. ఆమెకి నిబంధనలన్నీ కంఠతా వచ్చు. వాటిని ఎవరి కోసమూ పక్కన పెట్టదని తెలిసి, మండలి ఆమెని ఎక్కువగా సెలవు మీద పంపిస్తూ ఉండేది.

"కాలుష్యమునకును మధుమేహమునకును సంబంధము కలదని వైద్యాధికారిణి గారు సూచించియున్నారు," అని మొదలుపెట్టాడు విశ్వేశ్వరం. మామూలుగా ఆయన అందరిలాగే మాట్లాడతాడు. మైకు గానీ ఫైలు గానీ కనిపిస్తే మాత్రం భాష మారిపోతుంది. "సంబంధము అనునది ఇరువైపుల నుండియు పరిశీలింపదగినది. కాలుష్యము వలన మధుమేహము కలుగుచున్నది అనినచో, మధుమేహమును కలిగించునది ఏదైనను కాలుష్యమే అగుచున్నది."

"నేనలా అనలేదండీ," అంది మెహరున్నీసా.

"మీరు సగమన్నారు. తక్కిన సగమును మండలి పూరించినది."

"ముందు గాలి పరీక్ష చేయించండి సార్. రసాయనాలు కొలిచే యంత్రం మీ దగ్గర ఉంది కదా."

ఉంది. స్టోరు రూములో ఉంది. దాని మీద గుడ్డ, గుడ్డ మీద ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమబొట్టు కూడా ఉన్నాయి. లోపల వడపోత బిళ్ళ మార్చాలి. బిళ్ళ కొనాలంటే టెండరు పిలవాలి. టెండరు పిలవాలంటే యంత్రం పనిచేస్తోందని ఇంజనీరు ధ్రువీకరించాలి. ప్రసూన ప్రతి ఏడూ పనిచేయడం లేదనే ధ్రువీకరిస్తోంది.

"పనిచేయు పరికరము మన వద్ద మరియొకటి కలదు," అన్నాడు విశ్వేశ్వరం. సిబ్బంది కోసం పెట్టిన ఆరోగ్య శిబిరంలో మిగిలిన స్ట్రిప్పులు అటకమీద పెట్టెలో ఉన్నాయి. మూత్రంలో ముంచితే చక్కెర ఉందో లేదో రంగు మారి చెప్పే కాగితప్పట్టీలు. చక్కెర ఎంత ఉంటే రంగు అంత ముదురుతుంది.

"వాటితో ఫ్యాక్టరీ నీళ్ళేం పరీక్ష చేస్తారండీ?" అంది డాక్టరు.

"చెయ్యండి మేడమ్, మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు శేషగిరి పెద్దమనసుతో. "మాది దాచుకునే కంపెనీ కాదు."

అందరూ జీపెక్కి వెళ్ళారు. శుభగంధ వెనకవైపు గొట్టంలోంచి వంకాయ రంగు నీళ్ళు సముద్రం వైపు పోతున్నాయి. ప్రసూన చేతికి తొడుగు వేసుకుని స్ట్రిప్పు ముంచింది. పైకి తీస్తే చేతిలో ఏమీ లేదు. స్ట్రిప్పు కరిగిపోయింది. ఇంకొకటి ముంచింది. అదీ పోయింది, దాంతోపాటు తొడుగు వేలి కొస కూడా పోయింది.

"ఏం రాయమంటారు సార్?" అని అడిగింది ప్రసూన.

"రంగు మారినదా?"

"స్ట్రిప్పే లేదు సార్."

"లేని దానికి రంగు మారు అవకాశము లేదు. రంగు మారలేదు కనుక చక్కెర లేదు. వ్రాయుడు."

శేషగిరి అక్కడికక్కడే ఫోటో తీయించుకున్నాడు. ఫ్యాక్టరీ గేటు మీద 'మధుమేహ రహిత పరిశ్రమ' అని మండలి ముద్రతో బోర్డు వెలిసింది. దాన్ని వేసిన పెయింటర్ గొట్టంపేట వాడే. ఆసుపత్రి చీటీ జేబులో పెట్టుకునే వచ్చాడు.

ఇక మిగిలింది నేరస్థుణ్ణి పట్టుకోవడం. తిరుగుదారిలో జీపు బజారు కాలువ వంతెన మీద ఆగింది. ప్రసూన దిగి స్ట్రిప్పు ముంచింది. పట్టీ పచ్చగా మారింది. కాలువలో చక్కెర ఉంది. వంతెన పక్కనే గుత్తుల నూకరాజు మిఠాయి కొట్టు ఉంది. మూకుడులో కాజాలు పాకం పీలుస్తున్నాయి.

విశ్వేశ్వరం జీపు దిగలేదు. వేలు మాత్రం చూపించాడు.

*

నూకరాజు కాజా తాళ్ళమెట్ట దాటి కూడా పేరున్నదే. కొరికితే లోపలి పాకం చొక్కా మీద పడుతుంది. అలా పడకపోతే అది తన కొట్టు సరుకు కాదంటాడు. ఆయనా భార్య మంగతాయారూ కలిసి పాతికేళ్ళుగా ఆ కొట్టు నడుపుతున్నారు. ఇల్లు గొట్టంపేటలోనే. ఇద్దరికీ మెహరున్నీసా దగ్గరే మందులు. రుచి చూడటానికి కూడా పాకం నోట్లో పెట్టుకోరు. వేలితో తీగ చూసి వదిలేస్తారు.

మంగళవారం ప్రసూన లక్క, కొవ్వొత్తి, ఆర్డరు పట్టుకుని వచ్చింది.

"అమ్మాయిగారూ, కాజాలేమన్నా కట్టమంటారా?" అన్నాడు నూకరాజు.

"సీల్ వెయ్యాలండీ. మీ కొట్టు ప్రమాదకర పరిశ్రమల జాబితాలోకి వచ్చింది."

"పరిశ్రమా? ఇదా?" అని వెనక్కి తిరిగి కొట్టంతా ఒకసారి చూసుకున్నాడు. "మూకుడొకటి, గరిటొకటి, మా ఆవిడొకత్తి ఉందండి."

"నన్ను గరిటె పక్కన కలిపేశావేంటి," అంది మంగతాయారు లోపల్నుంచి.

ప్రసూన ఆర్డరు చదివింది. మధుమేహ కారక కాలుష్యమును బజారు కాలువలోనికి విడుదల చేయుచున్నందున సదరు పరిశ్రమ మూసివేయబడినది. కాలువలో చక్కెర పూర్తిగా ఆగిపోతే తిరిగి తెరవవచ్చు. శుక్రవారం విచారణ నాటికి ఆగకపోతే లైసెన్సు శాశ్వతంగా రద్దు, సామాను జప్తు.

"అంటే ఈ కొట్టు పోయినట్టేనాండి?"

"కాలువలో చక్కెర ఆగితే పోదండీ."

"మూకుడు కడిగిన నీళ్ళేగదండీ మిగిలేది. అదీ గేదెల కుడితిలో పోసేస్తాం, పాకమెవడన్నా పారబోసుకుంటాడా. మరి ఫ్యాక్టరీ వోళ్ళు వదిలేదేంటండీ?"

"అందులో చక్కెర లేదండీ."

"ఆయ్, లేదండీ. చేప కూడా లేదండీ."

ప్రసూన కొవ్వొత్తి వెలిగించింది. ఆ మాటకి జవాబు నిబంధనల్లో లేదు. మంగతాయారు మూకుడు దించి, పొయ్యి మీద నీళ్ళు చల్లి, బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. తాళం మీద లక్క కరుగుతుంటే ఇద్దరూ చూస్తూ ఉన్నారు. పాకం తీగకొచ్చిందో లేదో చూసినట్టే చూశారు.

*

బుధవారం మళ్ళీ స్ట్రిప్పు ముంచారు. పట్టీ మొన్నటికంటే ముదురు పచ్చగా మారింది.

విశ్వేశ్వరానికి ఒళ్ళు మండింది. కొట్టు మూసినా చక్కెర పెరిగిందంటే దీని వెనక పెద్ద ముఠా ఉంది. నూకరాజు ఒక పావు మాత్రమే. పత్రికల వాళ్ళని పిలిచి ప్రకటన చేశాడు: "ఈ చక్కెర యొక్క మూలమును ఛేదించు వరకు మండలి విశ్రమింపదు. మూలము ఎంతటివారి ప్రాంగణమున ఉన్నను, ముందు వెనుకలు చూడక సీలు వేయబడును." ఆ మాటనే ఆర్డరుగా టైపు చేయించి, సంతకం చేసి, ప్రసూన చేతికిచ్చాడు. ఆ క్షణంలో ఆయన ఎవరికి ఇస్తున్నాడో మరిచిపోయాడు.

ప్రసూన అప్పటికప్పుడే బయల్దేరింది. మ్యాన్‌హోలు మూతలెత్తడానికి మండలిలో మనుషులు లేరు. నూకరాజు గునపం పట్టుకుని ఎదురొచ్చాడు.

"నేనెత్తుతానండి. నా కొట్టు కోసమేగదా."

"నిందితుడు దర్యాప్తులో పాల్గొనకూడదండీ."

"దర్యాప్తు మీరు సెయ్యండి. నేను మూతలెత్తుతాను."

ప్రసూన ఒకసారి ఆలోచించుకుంది. మూతల గురించి నిబంధన ఏదీ లేదు. సరేనంది.

కాలువ వెంట ఎగువకి నడిచారు. రెండు కాలువలు కలిసినచోట రెండింట్లోనూ స్ట్రిప్పు ముంచడం, రంగు ముదిరిన వైపు తిరగడం. కల్యాణమండపం దగ్గర ఎడమ కాలువలో రంగు తేలిపోయింది. అందులో ఉన్నదంతా సాంబారే. బ్యాంకు దగ్గర రంగు కొంచెం ముదిరింది. క్యాషియరు కిటికీలోంచి చూసి, ఎందుకన్నా మంచిదని లోపలికి వెళ్ళిపోయాడు. ఆడపిల్లల బడిలోంచి వచ్చి కలిసే పిల్లకాలువలో రంగే లేదు.

"సదువుకునే పిల్లలు తీపి తినరాండి?" అన్నాడు నూకరాజు.

"తింటారు."

"మరి చక్కెర లేదేంటండీ?"

ప్రసూన ఆగింది. ఈ ప్రశ్న ఆమెకి ఆ రోజు పొద్దుటి నుంచీ వస్తోంది. తింటే కాలువలోకి రావడం లేదు. వస్తున్నది ఎక్కడిది?

బడి దాటాక కాలువ కుడివైపుకి తిరిగి, కానుగ చెట్ల వరస వెంట పైకెక్కింది. ఒక్కొక్క మూతకీ రంగు ముదురుతూ వచ్చింది. పచ్చ, ముదురు పచ్చ, తుప్పు రంగు. నూకరాజు గునపం వేసే చోటల్లా గుంపు చేరింది. వెనక జనం, సైకిళ్ళు, ఒక ఐస్‌బండి. మిఠాయి ముఠా స్థావరం ఇవాళ దొరికిపోతుందని ఎవరో అంటున్నారు.

చివరి మూత ఒక పెద్ద గోడ పక్కన ఉంది. లోపల్నుంచి రెండు గొట్టాలు వచ్చి అక్కడ కలుస్తున్నాయి. ప్రసూన ఒకదాంట్లో ముంచింది, తుప్పు రంగు. రెండోదాంట్లో ముంచింది. పట్టీ ఇటుక ఎరుపుకి తిరిగింది. డబ్బా మీద అచ్చేసిన రంగుల్లో అంతకంటే ముదురు రంగు లేదు.

తలెత్తి చూసింది. గోడ మీద పర్యావరణ పరిశుద్ధి మండలి అని పెద్ద అక్షరాలున్నాయి. మొదటి గొట్టం సిబ్బంది మరుగుదొడ్డిది. రెండోది ఛైర్మన్ గది వెనక, ఆయనొక్కడే వాడుకునేది.

నూకరాజు గునపం నేల మీద ఆనించి, చెమట తుడుచుకున్నాడు.

"ఇక్కడా కాజాలు సేత్తారాండి?"

జనంలో ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ప్రసూన నవ్వలేదు. సంచిలోంచి లక్క తీసింది.

"అమ్మాయిగారూ, మీ ఉద్యోగం," అన్నాడు నూకరాజు, ఈసారి మెల్లగా.

"ఆర్డరు మీద సంతకం ఉందండీ," అంది ప్రసూన.

ఛైర్మన్ మరుగుదొడ్డి తలుపుకి, సిబ్బంది మరుగుదొడ్డి తలుపుకి సీలు పడింది. గురువారం మండలిలో పని జరగలేదు. విశ్వేశ్వరం గంట గంటకీ జీపెక్కి ఇంటికి వెళ్ళొచ్చాడు. మధుమేహం ఉన్న మనిషికి ఆ తలుపు మూసేస్తే రోజెలా గడుస్తుందో మండలి సిబ్బందిలో సగం మందికి ఆ రోజే తెలిసింది. పెద్ద గుమాస్తా మధ్యాహ్నానికి కానుగ చెట్ల వెనక్కి వెళ్ళాడు. ఆ చెట్లకి కూడా సీలు వెయ్యాలేమో అని ప్రసూన నిబంధనలు తిరగేసింది.

*

శుక్రవారం విచారణకి హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళు బెంచీలు చాలక కిటికీలు ఎక్కారు. గుత్తుల దంపతులు ముందు వరసలో కూర్చున్నారు. మంగతాయారు కొట్టు తాళంచెవి కొంగున ముడేసుకుని ఉంది.

నూకరాజు లేచాడు. "అయ్యా, నా కొట్టు మూసేశారండి. అయినా కాలువలో చక్కెర ఆగలేదండి. అది నాది కాదని మీ అమ్మాయిగారే తేల్చారండి. నా తాళం నాకిప్పించండి."

విశ్వేశ్వరం ముందున్నవి రెండే దారులు. చక్కెర కాలుష్యం కాదని ఒప్పుకుంటే మండలి సోమవారం నుంచి చేసిందంతా తప్పవుతుంది. కాలుష్యమేనంటే మండలి ఆఫీసుని మండలే మూసెయ్యాలి. ఆయన నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. తర్వాత ఆ రెండో గ్లాసు విషయంలో కొంచెం భయపడ్డాడు కూడా. మరుగుదొడ్డి ఇంకా తెరవలేదు.

మెహరున్నీసా లేచి చెయ్యెత్తింది.

"ఆ చక్కెర రోగుల ఒంట్లోంచి వస్తున్నదండీ. అది జబ్బుకి కారణం కాదు, జబ్బు వచ్చాక కనిపించే గుర్తు. మీరు కొలుస్తున్నది పొగని కాదు, పొగ పీల్చినవాళ్ళని."

అనకూడని మాట అన్నానని ఆమెకి తర్వాత అర్థమైంది. విశ్వేశ్వరం ముఖం విప్పారింది.

"వైద్యాధికారిణి గారు కీలకమగు శాస్త్రీయ విషయమును సెలవిచ్చిరి. చక్కెర మనుష్యుని దేహము గుండా ప్రయాణించి వచ్చుచున్నది. అనగా దేహము దానిని స్వీకరించి, వడగట్టి, మిగులును మాత్రమే విడుదల చేయుచున్నది. స్వీకరించి, వడగట్టి, విడుదల చేయు దానిని మన చట్టములో ఏమందురు, ప్రసూన గారూ?"

ప్రసూన లేచి నిలబడింది. తెలిసిన జవాబు చెప్పకుండా ఉండటం ఆమెకి రాదు.

"శుద్ధి ప్లాంటు అంటారు సార్."

"శుద్ధి ప్లాంటు," అన్నాడు విశ్వేశ్వరం. "ప్లాంటు నుండి వెలువడు నీరు శుద్ధి చేయబడిన నీరు. శుద్ధి చేయబడిన నీరు కాలుష్యము కాదు. కావున మండలి కార్యాలయము నిర్దోషి. నూకరాజు గారు తమ సరుకును నేరుగా కాలువలో పోయక, పౌరుల ద్వారా మాత్రమే పంపవలెను. అట్టి షరతు మీద కొట్టు తెరచుటకు అనుమతించడమైనది."

"పౌరుల ద్వారానంటే?" అన్నాడు నూకరాజు.

"తినిపించమంటున్నారు," అంది మంగతాయారు.

"పాతికేళ్ళుగా అదేగదండీ సేత్తున్నాం."

హాల్లో చప్పట్లు పడ్డాయి. మంగతాయారు కొంగు ముడి విప్పింది. అందరూ లేవబోతుంటే పరిశ్రమల ప్రతినిధి కుర్చీలోంచి శేషగిరి గొంతు సవరించుకున్నాడు.

"ఛైర్మన్ గారూ, ఒక్క చిన్న మనవి. చట్టం అందరికీ సమానం కదండీ. నూకరాజు గారికిచ్చిన వెసులుబాటే మా కంపెనీకీ ఇప్పించండి. మేం మా వ్యర్థాలకి వేరే శుద్ధి ప్లాంటు కట్టాలని మీరు మొన్నటిదాకా నోటీసులిచ్చారు. మా పొగా, మా నీళ్ళూ కూడా చాలాకాలంగా పౌరుల ద్వారానే వెళ్తున్నాయి. గొట్టంపేట మొత్తం మాకు అందుబాటులో ఉంది."

మెహరున్నీసా కుర్చీలోంచి లేచి, "సార్, వాళ్ళు మనుషులండీ," అంది.

"మనుషులు కాదనుట లేదు," అన్నాడు విశ్వేశ్వరం. "ప్లాంట్లు కూడ."

తీర్మానం ఆ సమావేశంలోనే నెగ్గింది. శుభగంధ కెమికల్స్ కట్టవలసిన శుద్ధి ప్లాంటు రద్దయింది. గొట్టంపేట వాసులందరినీ శుద్ధి ప్లాంట్లుగా మండలి కింద నమోదు చెయ్యాలని, నమోదు చేసే పని ఫీల్డు ఇంజనీరుదని రాశారు. తర్వాత ఛైర్మన్ సమావేశం ముగిసిందని చెప్పి, అప్పుడే సీలు విప్పిన మరుగుదొడ్డి తలుపు వైపు ఆగకుండా నడిచాడు.

*

సోమవారం పొద్దున్న నూకరాజు కొట్టు తెరిచాడు. తాళం మీద లక్క పెచ్చు గోరుతో గీకి పారేశాడు. మంగతాయారు లోపల పీట వేసుకుని కాజాలకి పిండి కలపడం మొదలుపెట్టింది. పొయ్యి అంటుకోకముందే గల్లా ముందు జనం నిలబడ్డారు. ఆర్డరు ప్రకారం తినడానికి వచ్చామని ఎవరో అంటే అంతా నవ్వారు. నూకరాజూ నవ్వాడు. కొట్టు దక్కింది, అది చాలనుకున్నాడు.

ప్రసూన సంచి భుజాన వేసుకుని వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. గొట్టంపేటలో ఇల్లిల్లూ తిరిగి అటునుంచే వస్తోంది. ఒక కార్డు తీసి గల్లా మీద పెట్టింది.

"ఏంటండీ ఇది?"

"మీ అనుమతి పత్రం."

"కొట్టుకేనాండి?"

"మీకండీ. మీ ఒంటికి."

నూకరాజు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. శుద్ధి ప్లాంటు పేరు: గుత్తుల నూకరాజు. అనుసంధాన పరిశ్రమ: శుభగంధ కెమికల్స్. పనివేళలు: ఇరవైనాలుగు గంటలు. గడువు: జీవితకాలం.

"ఈ జీవితకాలం ఎవరిదండీ? నాదా, ఫ్యాక్టరీదా?"

ప్రసూనకి మొదటిసారి ఒక నిబంధన గుర్తు రాలేదు. సంచిలోంచి ఆర్డరు తీసి, వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళింది. చివరి పేజీలో ఆగింది.

"అది రాయలేదండీ," అంది. "ప్లాంటు పాడైపోతే లోడుని పక్క ప్లాంటుకి మళ్ళించాలని మాత్రం ఉంది."

నూకరాజు పక్కకి చూశాడు. మంగతాయారు పిండి మీదికి వంగి, రెండు చేతులా పిసుకుతోంది.